డాక్టర్ గారి బండి

పోయిన నెల పేరెంట్-టీచర్ మీటింగ్ అయ్యాక పార్కింగ్‌లో ఒకాయన నన్ను ఆపారు. మా అమ్మాయి క్లాసులోనే వాళ్ల బాబు కూడా. "మీ నల్ల కారు ఏదండీ, ఈమధ్య కనిపించడం లేదు? నేనూ అలాంటిదే సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నాను. పన్నెండు, పదమూడు లక్షల్లో వచ్చేస్తోంది. ఎలా ఉంటుంది?" అని అడిగారు. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు. "తీరిగ్గా చెబుతానండీ" అన్నాను. ఈ నెల తల్లిదండ్రుల పేజీకి ఏదైనా రాయమని స్కూలు నుంచి మెసేజ్ వచ్చేసరికి, ఇదే రాద్దామనిపించింది.

కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు. ఒక కంపెనీని తిట్టడం నా ఉద్దేశం కాదు. జర్మన్ సెడాన్, రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, రెండు వందల పైచిలుకు హార్స్‌పవర్, 2014 మోడల్. కొత్తలో నలభై లక్షలు దాటిన కారు. 2022 డిసెంబరులో 78,000 కిలోమీటర్ల మీద పన్నెండున్నర లక్షలకు కొన్నాను. పాత హ్యాచ్‌బ్యాక్ అమ్మితే మూడు లక్షల ఇరవై వేలు వచ్చాయి. చేతిలో ఉన్నవి నాలుగు లక్షలు. మిగతా అయిదు లక్షల ముప్పై వేలు బ్యాంకు అప్పు. పాత కారుకిచ్చే అప్పు మీద వడ్డీ కొత్త కారు వడ్డీ కంటే ఎక్కువ అన్న సంగతి సంతకం పెట్టే టేబుల్ దగ్గర తెలిసింది.

ఎందుకు కొన్నానంటే ఇంట్లో చెప్పిన కారణాలు వేరు: సేఫ్టీ, ఎయిర్‌బ్యాగులు, ఖమ్మం ప్రయాణాలు. అసలు కారణం చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. స్కూలు గేటు ముందు పిల్లల్ని దింపడానికి వరసలో నిలబడతాం కదా, ఆ వరసలో ముందు కారును, వెనక కారును చూసి చూసి పుట్టిన కోరిక అది. అప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి. కారు ఇంటికొచ్చిన మర్నాడు గేటుకు సరిగ్గా ఎదురుగా దింపమని అడిగింది. దింపాను. ఇద్దరం సమానంగానే మురిసిపోయాం.

అమ్మినాయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "సింగిల్ ఓనర్ సార్. డాక్టర్ గారి బండి. ఇల్లు, ఆస్పత్రి తప్ప ఇంకెక్కడా తిరగలేదు." హైదరాబాదులో అమ్మకానికొచ్చే ప్రతి పాత కారూ డాక్టర్ గారిదే. ఇన్ని కార్లు నడుపుతూ ఆ డాక్టర్లు పేషెంట్లను ఎప్పుడు చూస్తారో తెలియదు. కానీ ఆ మాట నిజమే అయినా అది మెచ్చుకోవాల్సిన విషయం కాదని నాకు ఏడాది తర్వాత అర్థమైంది. మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగి, సాయంత్రం మూడు కిలోమీటర్లు వచ్చి ఆగే ఇంజన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. అలా వేడెక్కని ఇంజన్‌లో ఆయిల్‌లోకి పెట్రోల్, తేమ చేరతాయి. వాల్వుల మీద మసి పేరుకుంటుంది. రోజూ హైవే మీద యాభై కిలోమీటర్లు తిరిగిన బండి మీటరు చూసి భయపడతాం గానీ, చాలాసార్లు దాని ఇంజనే బాగుంటుంది.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. నేను ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. కాగితం లేని బ్యాచ్‌ను గేటు దాటనివ్వకపోవడమే నా ఉద్యోగం. ఒక్క సంతకం తక్కువైనా లక్షల సరుకు ఆపిన రోజులున్నాయి. అలాంటివాణ్ని, ఈ కారు సర్వీస్ కాగితాలు 2018 దాకానే ఉంటే, "ఆ తర్వాత బయట నమ్మకమైన మనిషి దగ్గర చేయించారు సార్" అన్న మాట విని తలూపాను. కారు తలుపు వేసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడుకు బుద్ధి కూడా మూసుకుపోయినట్టుంది. బండి పేరు మార్పిడికి ఫారం 29, 30 జాగ్రత్తగా చూసుకున్నాను. పాత కారు మీది నో క్లెయిమ్ బోనస్ మనదే, బండితో పోదు కాబట్టి దాన్ని కొత్త పాలసీకి తెచ్చుకున్నాను. పద్నాలుగు రోజుల్లోపు ఇన్సూరెన్స్ నా పేరు మీదికి మార్పించాను. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి, ఒక్క ఇంజన్ కాగితాలు తప్ప.

మొదటి మూడు నెలలూ సుఖంగా గడిచాయి. అది కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి కాలు కొంచెం నొక్కితే సీటు వీపును ముందుకు తోసేది. మలుపులో రోడ్డుకు అతుక్కుని తిరిగేది. మా ఆవిడ మామూలుగా కారెక్కగానే నిద్రపోతుంది, ఈ కారులో మేలుకుని కూర్చునేది. అయితే ఔటర్ మీద కూడా గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లే. జేఎన్‌టీయూ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి పదిహేను దాటితే గొప్ప. అంత బలమున్న ఇంజన్ రోజంతా ఫస్ట్ గేరు, సెకండ్ గేరు మధ్యే నలిగేది. లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీద 95 ఆక్టేన్ అని రాసి ఉంది. అప్పట్లో మామూలు పెట్రోల్ 91 కాబట్టి బంకులో ఎప్పుడూ ఖరీదైన రకమే పోయించేవాణ్ని.

2023 మార్చిలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు కింద రూపాయి బిళ్లంత నల్ల మరక కనిపించింది. వారానికి అరచేయంత అయింది. బాలానగర్ దగ్గర ఇలాంటి కార్లే చూసే ఒక షెడ్డు ఉందని ఆఫీసులో చెప్పారు. షెడ్డు నడిపే మెకానిక్‌ది నల్లగొండ వైపు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పన్నెండేళ్లు చేసి సొంతంగా పెట్టుకున్నాడు. బండి లిఫ్ట్ మీదికెత్తి టార్చి వేసి చూపించాడు. ఆయిల్ ఫిల్టర్ కూర్చునే భాగం దగ్గర రబ్బరు గాస్కెట్ ఎండి గట్టిపడింది, పైన వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా అంతే. టర్బో ఇంజన్ వేడికి రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఎనిమిదేళ్లకు పెళుసెక్కిపోతాయట. గాస్కెట్ ఖరీదు పెద్దగా లేదు. కానీ వాల్వ్ కవర్ ప్లాస్టిక్‌ది, చిట్లింది కాబట్టి మొత్తం మార్చాలి. దాన్ని చేరడానికి పైనున్నవన్నీ విప్పాలి. బిల్లు 38,400.

"పన్నెండున్నర లక్షల కారుకు గాస్కెట్ పనికి ఇంతా?" అన్నాను.

అతను చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "సార్, ఈ బండి పన్నెండు లచ్చలది కాదు. నలబై లచ్చలది. మీకు పన్నెండుకు దొరికింది, గంతే. పార్టులకు ఆ ముచ్చట తెల్వది గదా."

ఈ వ్యాసంలో పార్కింగ్ మిత్రుడికి నేను చెప్పాలనుకున్నది అదే. చెప్పింది నేను కాదు, ఆ మెకానిక్. కారు పాతబడిన కొద్దీ ధర పడిపోతుంది. దాని వాటర్ పంపు ధర మాత్రం పడిపోదు. పైగా పార్టు చెడిపోయే వయసు సరిగ్గా మనలాంటివాళ్లు కొనే వయసులోనే వస్తుంది. మొదటి యజమాని కొత్తదనాన్ని అనుభవించి, వారంటీ అయిపోయాక, పెద్ద ఖర్చులు మొదలయ్యేలోపు అమ్మేస్తాడు. అందులో మోసమేమీ లేదు. నలభై లక్షలు పెట్టగలిగినవాడు కూడా తప్పించుకున్న బిల్లును, అందులో మూడో వంతు కూడా పెట్టలేని నేను ఎదురెళ్లి కౌగిలించుకున్నాను.

ఆ వానాకాలం నిజాంపేట రోడ్డులో నీళ్ల కింద గుంత కనపడక ముందు చక్రం దబ్బున పడింది. టైరు పక్క గోడ చీలింది. ఈ కారుకు స్టెప్నీ లేదు. రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా కొంత దూరం మెల్లగా నడుస్తాయి కాబట్టి స్టెప్నీ అక్కర్లేదని కంపెనీ లెక్క. పక్క గోడ చీలితే ప్యాచ్ కుదరదు. ఒకటి కొత్తది, ఒకటి అరిగింది ఉంటే మలుపుల్లో బాగుండదని ముందు రెండూ మార్చాల్సి వచ్చింది. 42,600. ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేశాను. టైరు ఒక్కటే పాడైతే మామూలు సమగ్ర పాలసీలో క్లెయిమ్ రాదట. బండికి కూడా అదే ప్రమాదంలో దెబ్బ తగిలి ఉండాలి, అప్పుడైనా టైరుకు సగమే. అరుగుదలకు, యాంత్రిక లోపాలకు అసలే రాదు. అంటే నేను భయపడుతున్న ఖర్చుల్లో ఒక్కటీ ఆ పాలసీ కిందికి రాదు. ఏడాదికి ముప్పై వేలు పైన కడుతూ ఆ సంగతి అప్పుడు తెలుసుకున్నాను.

తర్వాత బ్యాటరీ. పాతది తీసి కొత్తది బిగిస్తే అయిపోతుందనుకున్నాను. ఈ కార్లలో కొత్త బ్యాటరీ వచ్చిందని కంప్యూటర్‌కు చెప్పాలి, లేకపోతే పాతదానికి చేసినట్టే చార్జింగ్ చేసి కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. 23,800.

2024 సంక్రాంతికి ఖమ్మం బయల్దేరాం. విజయవాడ హైవే మీద పండగ రద్దీ మీకు తెలియనిది కాదు. పంతంగి టోల్‌గేటు దాటడానికే గంట పట్టింది. కొర్లపహాడ్ టోల్‌గేటు కూడా దాటి కొంచెం ముందుకు పోయామో లేదో, ముందు పసుపు లైటు, అర నిమిషంలో ఎర్ర లైటు. ఇంజన్ విపరీతంగా వేడెక్కింది, ఆపమని స్క్రీన్ మీద రాత. పక్కకు తీసి ఆపేశాను. నేను చేసిన కొద్ది మంచి పనుల్లో అదొకటి. సూర్యాపేట దాకా పోదాంలే అని లాగి ఉంటే ఇంజన్ హెడ్ వంగిపోయేదని తర్వాత మెకానిక్ చెప్పాడు.

ఈ ఇంజన్‌లో నీళ్లు తిప్పే పంపు బెల్టుతో తిరగదు. కరెంటుతో నడిచే పంపు. ఇంజన్‌కు ఎంత కావాలో అంతే తిప్పి పెట్రోల్ ఆదా చేయడం దాని ఉద్దేశం. బెల్టు పంపు చెడిపోయే ముందు కారుతుంది, కీచుమంటుంది, ఏదో ఒకటి చెబుతుంది. ఇది ఏమీ చెప్పదు. నిన్నటి దాకా బాగుంటుంది, ఇవాళ ఆగిపోతుంది. మా ఆవిడ, అమ్మాయి సంచులతో ఆటో ఎక్కి సూర్యాపేట వెళ్లి, అక్కడ ఖమ్మం బస్సు పట్టుకున్నారు. నిలబడి వెళ్లారట. నేను రోడ్డు పక్కన నాలుగు గంటలు కూర్చుని ఫ్లాట్‌బెడ్ బండి వచ్చాక కారుతోపాటు హైదరాబాదు తిరిగొచ్చాను. పంపు, థర్మోస్టాట్, కూలెంట్, బండి మోసుకొచ్చిన కిరాయి అన్నీ కలిపి 66,500. భోగి మంట చూడలేదు.

కనుమ నాడు బస్సులో ఖమ్మం వెళితే నాన్న అన్నమాట: "ఏరా, మన అంబాసిడర్‌కు చెంబెడు నీళ్లు పోస్తే విజయవాడ దాకా పోయేది కదరా." నాన్న రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల తీసి పాత బనియన్ గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూసేవారు. ఆయన మా కారు బానెట్ ఎత్తి అదే వెతికారు ఒకసారి. ఇందులో పుల్లే లేదు. ఆయిల్ ఎంతుందో స్క్రీన్ మీద చూసుకోవాలి. "మరి స్క్రీన్ పోతే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ వేసవిలో రెండు ఖర్చులు వెంట వెంటనే వచ్చాయి. వాటిని తొందరగా చెప్పేస్తాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వణకడం మొదలైంది. ఇలాంటి ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్ లోపలే చిమ్ముతుంది. పాత పద్ధతిలో అయితే గాలి వచ్చే దారిలోనే చిమ్మి, ఇన్‌టేక్ వాల్వులను ఎప్పటికప్పుడు కడిగేది. ఇందులో ఆ కడగడం లేదు. పాలగిన్నె అడుగున మాడు కట్టినట్టు వాల్వుల వెనక మసి గట్టిపడుతుంది. దాన్ని అక్రోట్ పెంకుల పొడితో, గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేస్తారు. లోహాన్ని గీకకుండా మసిని మాత్రమే రాలుస్తుందట ఆ పొడి. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్‌తో కలిపి 45,900. రెండోది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. "జీవితాంతం మార్చక్కర్లేదు" అని నేను చాలాచోట్ల విన్నాను. కానీ ఇలాంటి గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, మార్చమంటుంది. ఎవరి జీవితాంతం అన్నది అడగాల్సిన ప్రశ్న. 41,700.

ఇక అసలుది. మే నెలాఖరులో ఓ పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు వైపు నుంచి రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడు, డబ్బాలో గవ్వలు ఊపినట్టు. వేడెక్కాక లేదు. మర్నాడు మళ్లీ. మెకానిక్ వచ్చి రాత్రంతా చల్లబడ్డ బండిని స్టార్ట్ చేయించి, బానెట్ మీదికి వంగి విన్నాడు. ముఖం మారింది. "సార్, టైమింగ్ చైన్. ఇగ నడపకండ్రి."

టైమింగ్ చైన్ అంటే కింద తిరిగే క్రాంక్‌కూ, పైన వాల్వులు తెరిచి మూసే క్యామ్‌లకూ మధ్య లంకె. సైకిల్ చైన్ లాంటిదే, కాకపోతే ఒక్క పన్ను జారినా వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి. ఆ చైన్ పక్కకు ఊగకుండా ప్లాస్టిక్ గైడ్లు పట్టుకుంటాయి. ఆయిల్ సరైన సమయానికి మార్చకపోతే, సాగిన చైన్ ఆ గైడ్లను కొరికేస్తుంది. ప్లాస్టిక్ ముక్కలు కిందికి రాలి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి. అప్పుడు ఇంజన్‌కు ఆయిల్ అందదు. సంప్ విప్పి చూపించాడు. అడుగున గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు, చిన్నపిల్లల పాలపళ్లలా, ఏడెనిమిది. 2018 తర్వాత కాగితాల్లేని ఆ నాలుగేళ్లు అక్కడ ఉన్నాయి.

కంపెనీ సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ మూడు లక్షల ఎనభై వేలు. మా మెకానిక్ 2,31,000కు చేస్తానన్నాడు, రెండు వారాలు పడుతుందన్నాడు. చేయించకపోతే సెకండ్‌హ్యాండ్ ఇంజన్ పెట్టాలన్నా అయిదారు లక్షలు. చేయించకుండా అమ్మేద్దామా అన్న ఆలోచన వచ్చింది. కాదనను. వేడి ఇంజన్ మీద చూపిస్తే ఎవరికీ తెలియదు. బహుశా నాకూ అలాగే చూపించారు. ఆ రోజు నేను చూడడానికి వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి సిద్ధంగా ఉంచారు. మర్యాద అనుకున్నాను.

జూన్ మొదటి వారం. జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు, మొదటి టర్మ్ ఫీజు కట్టాలి. ఆ డబ్బు విడిగా ఉంది. ఇంకోవైపు పోస్టాఫీసులో ఒక ఆర్డీ ఉంది. 2020 డిసెంబరులో, మా అమ్మాయి అయిదో తరగతిలో ఉండగా, నెలకు 4,000 చొప్పున మొదలుపెట్టాం. అయిదేళ్లకు, అంటే తను పదో తరగతిలో ఉండగా చేతికొస్తుంది, ఇంటర్ చేర్పించడానికి. పాస్‌బుక్ అట్ట మీద తనే స్కెచ్ పెన్నుతో "నా ఇంటర్" అని రాసుకుంది. నేను ఫీజు డబ్బు ముట్టుకోలేదు. ఆర్డీ మూసేశాను. ఎందుకంటే ఫీజు ఆలస్యమైతే ఇంట్లో ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ వస్తుంది. ఆర్డీ మూస్తే ఎవరికీ రాదు.

పోస్టాఫీసులో కౌంటర్ దగ్గరి ఆవిడ మంచి మనిషి. "ఇందులో సగం దాకా అప్పు తీసుకోవచ్చు కదండీ, ఎందుకు మూయడం? మెచ్యూరిటీకి ఒక్కరోజు ముందు మూసినా మామూలు పొదుపు ఖాతా వడ్డీయే వస్తుంది" అని చెప్పి చూసింది. సగం సరిపోదన్నాను. 43 వాయిదాలు, వడ్డీతో కలిపి లక్షా ఎనభై నాలుగు వేలు వచ్చాయి. మిగతా నలభై ఏడు వేలు క్రెడిట్ కార్డు మీద గీకాను. ఇంట్లో మాత్రం "చిన్న పనే, ఇరవై వేలలో అయిపోయింది" అని చెప్పాను.

నెల తిరక్కముందే బయటపడింది. వాయిదా కట్టాక పాస్‌బుక్‌లో పడిన కొత్త ముద్రను చూసుకోవడం మా అమ్మాయికి అలవాటు. బీరువాలో వెతికింది, లేదు. రాత్రి అన్నాల దగ్గర "నాన్నా, నా ఇంటర్ ఏది?" అంది. ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది, ఆఫీసులో ఉందని. మా ఆవిడ అప్పటికే నా ముఖం చూస్తోంది. చెప్పేశాను. మా ఆవిడ ఒకటే అడిగింది: "మొత్తం ఎంత?" నాకు నిజంగా తెలియదు. ఒక్కో బిల్లు కడుతూ ముందు బిల్లును మరిచిపోవడానికే ప్రయత్నించాను గానీ ఎప్పుడూ కూడలేదు. అమ్మాయి ఏమీ అనలేదు. కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఆదివారం తనే అడిగింది, బిల్లులన్నీ ఇమ్మని. పాత లెక్కల నోట్‌బుక్ చివరి పేజీల్లో వేసింది. మరమ్మతులు 4,89,900. రెండేళ్ల ఇన్సూరెన్స్ 64,700. మామూలు సర్వీసులు 43,500. పెట్రోల్ సుమారు 1,54,000. మొత్తం 7,52,100. తిరిగింది 11,400 కిలోమీటర్లు. కిలోమీటరుకు 66 రూపాయలు. క్యాబ్‌లో తిరిగితే అందులో మూడో వంతుతో సరిపోయేది. బ్యాంకు వడ్డీ తను లెక్కలో వేయలేదు, నేను గుర్తు చేయలేదు. కింద ఇంకో వరస రాసి గీత గీసింది: ఇంటి నుంచి స్కూలు 6 కిలోమీటర్లు, 396 రూపాయలు. మర్నాటి నుంచి స్కూలు బస్సులో వెళతానంది. కోపంతో అనలేదు. ఆ మామూలు గొంతే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆగస్టులో అమ్మేశాను. చైన్ కొత్తది, పంపు కొత్తది, ఇప్పుడే నడుపుకోవాలి కదా అని ఆఫీసులో చాలామంది అన్నారు. ఆ లెక్కలోనూ నిజముంది. కానీ తర్వాత టర్బో ఉంది, అధిక ఒత్తిడి పెట్రోల్ పంపు ఉంది, సస్పెన్షన్ బుష్షులు ఉన్నాయి, వాటికీ పదేళ్లు నిండాయి. బ్యాంకు అప్పు తీర్చి, ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీ మీద హైపోథికేషన్ తీయించాను. ఏడు లక్షల పాతిక వేలు వచ్చాయి. అమ్మాయి నోట్‌బుక్‌లో చివరి వరస కలిపింది: పోయిన 5,25,000 కూడా వేస్తే కిలోమీటరుకు 112.

పార్కింగ్ మిత్రుడు ఇంకా కొనాలనుకుంటే వద్దనను. ఆ సీటు తోపు నాకూ గుర్తుంది. కానీ అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, ఉదయం ఏడింటికి వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు అని. బానెట్ మీద చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మరో రోజు రండి. ఆ కార్లు చూసే మెకానిక్‌కు రెండు మూడు వేలిచ్చి వెంట తీసుకెళ్లండి. స్కానర్ పెట్టించండి, లిఫ్ట్ మీదికి ఎత్తించండి. చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు అడగండి. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో కాగితం మీద కనపడకపోతే మార్చలేదనే అనుకోండి. ధర పన్నెండు అయితే, ఇంకో నాలుగు విడిగా బ్యాంకులో ఉంచుకుని కొనండి. ఆ నాలుగూ పిల్లల పేరు మీద ఉన్నవి కాకూడదు.

నా దగ్గర కొన్న అబ్బాయికి పాతికేళ్లుంటాయి, సాఫ్ట్‌వేర్. ఫైలు చేతిలో పెట్టి ఒక్కో బిల్లూ చూపించాను. చైన్ మార్చిన కాగితం, మెకానిక్ నంబరు. కూలెంట్ పైపులు పాతవే, అవి కూడా మార్పించుకో బాబూ అని రెండుసార్లు చెప్పాను. అతను ఫైలు తిరగేస్తూనే "అంకుల్, టాప్ స్పీడ్ ఎంతదాకా కొట్టారు?" అని అడిగాడు. ఫైలు వెనక సీటులో పడేసి వెళ్లిపోయాడు.

ఆ పోస్టాఫీసు ఆవిడ దగ్గరే సెప్టెంబరులో కొత్త ఆర్డీ మొదలుపెట్టాం, నెలకు 8,000. అది ఇంటర్ సమయానికి చేతికి రాదు. అప్పుడు అవసరమైతే సగం దాకా అప్పు తీసుకుంటాం. ఈసారి పాస్‌బుక్ మా ఆవిడ దగ్గర ఉంటుంది. అట్ట మీద అమ్మాయి ఇంకా ఏమీ రాయలేదు.

మొన్న శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. వెనక లారీల హారన్లు. "అంకుల్, ఏదో ఎర్ర లైటు వచ్చింది. ఇంకో పది కిలోమీటర్లే ఉంది, వెళ్లిపోవచ్చా?"

"పక్కకు తియ్యి బాబూ" అన్నాను. "ముందు ఇంజన్ ఆపు."